ఎడమకు లాగిన స్టీరింగ్: మారుతి 800తో పదిహేడేళ్ళు

మా ఇంట్లో ఉన్న మారుతి 800 గురించి రాయాలంటే ముందుగా దాని స్టీరింగ్ గురించే రాయాలి. ఇంజన్ ఎంత, మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని సంచులు పడతాయి అన్న సంగతులు తెలియని తెలుగు ఇల్లు ఉండదు కనుక వాటి జోలికి వెళ్ళను. 2003లో తయారైన ఈ కారును 2007లో రెండో యజమానిగా కొన్నాను. అప్పటి నుంచి విశాఖపట్నం శివారు పెందుర్తి నుంచి శృంగవరపుకోట వైపు నేను పనిచేసిన బడులకు రోజూ, సెలవుల్లో అరకు దాకా, దీనిలోనే తిరిగాను. నా చేతుల మీదుగా లక్ష కిలోమీటర్లకు చాలా పైగా నడిచింది. ఇన్నేళ్ళుగా దీన్ని అమ్మకుండా ఆపింది పవర్ సాయం లేని ఆ స్టీరింగే. 2021లో కారు నన్ను ఘాట్ రోడ్డు మీద నిలబెట్టేసిన రోజుకు ముందు, మూడు నెలల పాటు ఆ స్టీరింగ్ చెబుతూ వచ్చిన మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ మూడు నెలల గురించీ, ఆ ఒక్క రోజు గురించీ ఉంటుంది.

ముందు ఇష్టం గురించి చెబుతాను. ఈ కారులో చేతికీ రోడ్డుకీ నడుమ ఉన్నవి స్టీరింగ్ రాడ్డు, దాని తిప్పుడుకు పక్కలకు జరిగే పళ్ళ కడ్డీ అయిన ర్యాక్, దాన్ని చక్రాలకు కలిపే రెండు టై రాడ్లు మాత్రమే. నడుమ పంపు లేదు, మోటారు లేదు. అందుచేత ముందు చక్రాలకు తగిలినది ఏదైనా కొద్దిగానైనా అరచేతికి చేరుతుంది. తారు రోడ్డు ముగిసి సిమెంటు రోడ్డు మొదలైన చోటు కళ్ళకంటే ముందు వేళ్ళకు తెలుస్తుంది. తొలకరి చినుకులకు రోడ్డు మీది దుమ్మూ నూనే కలిసి జారుడుగా మారినప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా తేలికపడుతుంది, వేగం తగ్గించమని అదే చెబుతుంది. ముందు టైరులో నాలుగైదు పౌండ్ల గాలి తగ్గినా నేను మలుపులోనే పట్టుకోగలిగేవాణ్ణి, పెట్రోలు బంకులో గాలి పట్టించినప్పుడు లెక్క సరిపోయేది. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి కావడం వల్ల కూడా కావచ్చు, ఘర్షణను ఇంత నేరుగా చేతితో తాకనిచ్చే యంత్రం మీద నాకు మమకారం పెరిగింది. ఆ తర్వాత బంధువుల కొత్త కార్లు చాలా నడిపాను. అవి సుఖంగా ఉన్నాయి, సురక్షితంగా ఉన్నాయి, కానీ రోడ్డు ఎలా ఉందో వాటిలో నాకు తెలియలేదు. పదేళ్ళ క్రితం ఎవరైనా అడిగితే, ఈ స్టీరింగ్ ఉన్నంత కాలం కారులో ఏ లోపమూ నా దగ్గర దాక్కోలేదని ధీమాగా చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను.

2021 వానాకాలం ముగిసే వేళకు కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ లాగుడు ఎంత స్వల్పంగా ఉండేదంటే, రోడ్డు వాలు వల్లనేమో అనుకున్నాను. వాన నీరు పోవడానికి రోడ్లను నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కనుక ఎడమ వైపు నడిచే ఏ కారయినా కొద్దిగా ఎడమకే మొగ్గుతుంది. కానీ కొత్తవలస దాటాక లాగుడు ఇంకొంచెం పెరిగేది, శృంగవరపుకోట చేరే వేళకు కుడి చేత్తో స్టీరింగ్‌ను పట్టి ఉంచవలసి వచ్చేది. సాయంత్రం బడి వదిలాక బయలుదేరితే మళ్ళీ మొదటి పది కిలోమీటర్లు ఏమీ ఉండేది కాదు. స్టీరింగ్‌లో తెలుస్తున్నది కనుక లోపం స్టీరింగ్‌లోనే ఉందని నేను నిశ్చయించుకున్నాను. వెళ్ళిన ప్రతిచోటా ఆ నిశ్చయంతోనే మాట్లాడాను, వాళ్ళు కూడా అదే దారిలో వెతికారు.

మొదట వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించాను. యంత్రం మీద అంకెలన్నీ పచ్చ రంగులోకి వచ్చాయి, కారు మాత్రం మర్నాడు మళ్ళీ ఎడమకే లాగింది. ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూశారు. టైరు అల్లికలో తేడా ఉంటే లాగుడు కుడికి మారాలి, మారలేదు. ఆ తర్వాత మరో గ్యారేజీలో కారును జాకీ మీద ఎత్తి, చక్రాన్ని గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట రెండు చేతులతో పట్టి కుదిపితే, ఎడమ టై రాడ్ ఎండ్‌లో లూజు నిజంగానే కనిపించింది. పన్నెండూ ఆరూ ఉండే చోట కుదిపితే ఏమీ లేదు కనుక బేరింగూ బాల్ జాయింటూ బాగున్నాయన్నారు. టై రాడ్ ఎండ్లు రెండూ మార్చారు, మళ్ళీ అలైన్‌మెంట్ చేయించాను. గుంటల్లో వచ్చే టకటక శబ్దం పోయింది, లాగుడు కూడా రెండు రోజులు తగ్గినట్టే అనిపించింది. ఆ రెండు రోజులూ నేను బడికి కాక ఊళ్ళోనే తిరిగానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మూడోసారి లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్‌లోని రబ్బర్లు, మార్చారు, మూడో అలైన్‌మెంట్ కూడా అయింది. చివరికి ఒక పెద్ద వర్క్‌షాపులో ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. అప్పటికి ఖర్చు తొమ్మిది వేలు దాటింది, ర్యాక్‌కు మరింత అవుతుంది. పండగ తర్వాత చూద్దామని వాయిదా వేశాను. ఆ వాయిదా వల్ల ర్యాక్ డబ్బు మిగిలింది కానీ, లోపం ఉన్న కారుతో ఘాట్ ఎక్కాను.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, కారు ఇచ్చిన గుర్తులు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. లాగుడు దూరంతో పాటు, అంటే వేడితో పాటు పెరిగేది. స్టీరింగ్ కీళ్ళలో లోపమైతే ఉదయం చల్లగా ఉన్నప్పుడు కూడా అంతే ఉండాలి. ఎడమ ముందు చక్రం రిమ్ము మీద నల్లటి బ్రేకు పొడి కుడి దానికంటే ఎక్కువగా పేరుకునేది, కడిగిన మర్నాటికే మళ్ళీ కనిపించేది. న్యూట్రల్‌లో వదిలితే కొద్దిపాటి వాలులో ముందుకు దొర్లవలసిన కారు నిలబడిపోయేది. వీటన్నిటికంటే స్పష్టమైన గుర్తు స్టీరింగే ఇచ్చింది. బ్రేకు నొక్కిన తొలి క్షణంలో అది కుడి వైపుకు చిన్న కుదుపు ఇచ్చేది. బ్రేకు వదిలాక మాత్రం ఎడమకు లాగి, ఆ లాగుడు కాసేపు అలాగే నిలిచేది. కుడికి వచ్చే ఆ కుదుపును నేను ప్రతిరోజూ గమనించాను, గమనించి కూడా రోడ్డు గుంటల ఖాతాలో వేశాను. పవర్ సాయం లేని స్టీరింగ్ నా చేతికి ఒక బలాన్ని తెచ్చి చూపింది. ఆ బలం ఎక్కడ పుట్టిందో ఆలోచించవలసినది నేను.

డిసెంబరు చివరి వారంలో నా భార్య, మా అమ్మాయి, అత్తగారితో అరకు వెళ్ళాను. వెళ్ళేటప్పుడు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నంత సేపూ బ్రేకుతో పెద్ద పని లేదు కనుక ఏ ఇబ్బందీ కనిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు అనంతగిరి కాఫీ తోటలు దాటి దిగుతున్నాం. నలుగురం ఉన్నాం, వెనుక సామాను ఉంది, ముందు ఒక పర్యాటక బస్సు నెమ్మదిగా దిగుతోంది. నేను మూడో గేరులో ఉండి, బస్సు వెనుక మాటిమాటికీ బ్రేకు వేస్తూ వచ్చాను. ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగాలన్న సూత్రం నాకు తెలుసు, అయినా ఆ రోజు పాటించలేదు. డముకు దాటిన కొంతసేపటికి కాలిన వాసన వచ్చింది. బస్సుదే అనుకుని అద్దాలు ఎత్తించాను. రెండు మలుపుల తర్వాత బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా, స్పాంజిని తొక్కినట్టుగా, సగానికి పైగా కిందికి వెళ్ళిపోయింది. కారు వేగం తగ్గింది కానీ ఎప్పటిలా తగ్గలేదు.

ఆ పది పదిహేను సెకన్లు నాకు చాలా వివరంగా గుర్తున్నాయి. పెడల్‌ను వదిలి మళ్ళీ మళ్ళీ వేగంగా తొక్కితే కొద్దిగా పైకి లేచింది. మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి గేరు దించాను, ఇంజన్ గట్టిగా మూలిగింది. చేతి బ్రేకు వెనుక చక్రాల షూలను తీగతో లాగుతుంది, కాలి బలాన్ని చక్రాలకు చేర్చే బ్రేకు నూనెతో (బ్రేక్ ఫ్లూయిడ్) దానికి సంబంధం లేదు. దాన్ని ఒక్కసారిగా కాక, బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగాను, ఎందుకంటే ఒకేసారి లాగితే వెనుక చక్రాలు జారి కారు అడ్డం తిరుగుతుంది. అదృష్టవశాత్తు కొండ గోడ వైపున కంకర పోసిన జాగా దొరికింది. కారు అక్కడ ఆగింది. అందరినీ దించి, వెనుక చక్రాల కింద రాళ్ళు పెట్టించాను. అత్తగారు అప్పటికీ ఏం జరిగిందో అడగలేదు. నా ముఖం చూసి మా అమ్మాయి మాత్రం ఏడ్చింది.

ఎడమ ముందు చక్రం దగ్గరికి చెయ్యి తీసుకువెళ్తే జానెడు దూరం నుంచే సెగ తగిలింది, కుడి చక్రం వేడిగా ఉన్నా అంత లేదు. దారిన పోయే ఒకాయన బిందెడు నీళ్ళు తెచ్చి పోయబోతే ఆపాను. అంతగా కాలిన డిస్క్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పలక) మీద చన్నీళ్ళు పడితే అది వంకరపోవచ్చు, పగలవచ్చు కూడా. బానెట్ ఎత్తి బ్రేకు నూనె డబ్బా చూశాను. మట్టం తగ్గలేదు, చక్రాల లోపలి వైపున ఎక్కడా తడి లేదు. ఇక్కడ ఒక తేడాను పాత కార్లు నడిపేవాళ్ళందరూ గుర్తుంచుకోవాలని నా కోరిక. పెడల్ కిందికి పోయి, నూనె మట్టం కూడా తగ్గితే ఎక్కడో కారుతున్నదని అర్థం, ఆ కారును ఒక్క అడుగు కూడా కదపకూడదు. మట్టం తగ్గకుండా, చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడితే చాలావరకు నూనె మరిగిందని అర్థం. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగిన నూనెలో ఆవిరి బుడగలు పుడతాయి. నూనె నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది. ఈ సూత్రాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా చెప్పే నేను, నా కారులో బ్రేకు నూనె చివరిసారి ఎప్పుడు మార్చానో ఆ గట్టు మీద కూర్చుని ఎంత ఆలోచించినా గుర్తు తెచ్చుకోలేకపోయాను. సముద్రపు గాలి వీచే ఊళ్ళో ఉంటూ అంత అశ్రద్ధ చేసినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముప్పావుగంట తర్వాత పెడల్ గట్టిపడింది. నా వాళ్ళను టైడ వైపు వెళ్తున్న ఒక జీపులో పంపి, నేను ఒక్కడినే మొదటి గేరులో, ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆగుతూ దిగాను. శృంగవరపుకోటలో కారును వదిలేసి బస్సులో ఇల్లు చేరాం. మూడో రోజున దాన్ని ఒక చిన్న లారీ మీద వేయించి గాజువాక ఆటోనగర్‌కు తెప్పించాను. అక్కడ ఒక పెద్దాయన, బోర్డు కూడా లేని షెడ్డులో, పాత కార్ల బ్రేకులు మాత్రమే చూస్తారని తోటి ఉపాధ్యాయుడు చెప్పాడు.

ఆయన చేసిన పరీక్ష పావుగంటలో ముగిసింది. దాన్ని కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే మూడు నెలలూ తొమ్మిది వేలూ పోసి నేను సంపాదించుకోలేకపోయిన జవాబు అందులో ఉంది. నేను స్టీరింగ్ గురించి చెప్పబోతుంటే ఆయన వినిపించుకుని, “స్టీరింగ్ సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు చక్రం తిరుగుద్దో లేదో చూద్దాం” అన్నారు. ముందు చక్రాలు రెండూ పైకెత్తి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పారు. చల్లగా ఉంది కనుక రెండూ తిరిగాయి, ఎడమది కొంచెం బరువుగా తిరిగింది. నన్ను లోపల కూర్చోబెట్టి బ్రేకు అయిదారు సార్లు గట్టిగా తొక్కి వదలమన్నారు. ఇప్పుడు కుడి చక్రం వెంటనే తిరిగింది. ఎడమది బిగుసుకుపోయింది. నిమిషం తర్వాత కూడా బలంగా నెడితే తప్ప కదలలేదు.

బిగుసుకుపోవడానికి ఆయన లెక్కలో మూడు కారణాలు ఉండవచ్చు. డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్‌లోని పిస్టన్ కానీ, కాలిపర్ జరిగే పిన్నులు కానీ తుప్పు పట్టి ఇరుక్కుని ఉండవచ్చు. కాలిపర్‌కు వెళ్ళే రబ్బరు హోస్ లోపల మూసుకుపోయి ఉండవచ్చు. పైన, పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ దాన్ని వెనక్కి రానివ్వకపోవచ్చు. మొదట కాలిపర్ మీద గాలి తీసే నిప్పుల్‌ను పావు చుట్టు వదులు చేశారు. నూనె పిచికారీలా చిమ్మింది, ఆ క్షణమే చక్రం తేలికగా తిరిగింది. తుప్పు వల్ల ఇరుక్కుని ఉంటే నిప్పుల్ విప్పినంత మాత్రాన వదలదు కనుక, లోపల నూనె ఒత్తిడి నిలిచిపోయిందన్నది రుజువైంది. నిప్పుల్ బిగించి, మళ్ళీ బ్రేకు తొక్కించి, చక్రం బిగిశాక ఈసారి హోస్‌కు పై కొసన, ఇనుప పైపుతో కలిసే జాయింటును వదులు చేశారు. చక్రం వదలలేదు. పై నుంచి ఒత్తిడి పోయింది, కింద ఒత్తిడి ఉండిపోయింది. అంటే లోపం ఆ రెండింటి నడుమ ఉన్న అడుగు పొడవు రబ్బరు హోస్‌లోనే ఉంది.

హోస్‌ను విప్పి నా చేతికిచ్చారు. పైకి పగులు లేదు, ఉబ్బు లేదు, కొత్తదానిలా ఉంది. ఒక కొసన నోరు పెట్టి ఊదితే గాలి దాదాపు పోలేదు. బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపలి రబ్బరు వాచి, నూనె నడిచే దారి సూది మొనంతకు కుంచించుకుపోయి ఉంది. బ్రేకు తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ బలానికి నూనె ఆ సన్నటి దారిలోంచి ఎలాగో దూరుతుంది కానీ కుడి చక్రంకంటే ఆలస్యంగా చేరుతుంది. అందుకే తొలి క్షణంలో కుడి బ్రేకు ముందుగా పట్టి స్టీరింగ్ కుడికి కుదిపేది. పెడల్ వదిలాక నూనెను వెనక్కి తోసేది పిస్టన్ సీలు చూపే స్వల్పమైన సాగుడు బలమే. అది ఆ దారిని తెరవడానికి చాలదు. అందుకే ఎడమ బ్రేకు పట్టుకునే ఉండిపోయి కారు ఎడమకు లాగేది. నేను రోజూ చేతితో అనుభవించిన రెండు కదలికలకూ ఆ కోసిన ముక్కలో సమాధానం ఉంది. రాపిడికి డిస్క్ వేడెక్కింది, వేడి కాలిపర్‌లోని పాత నూనెకు చేరింది, ఘాట్‌లో అది మరిగింది.

ఆ రబ్బరు ఎందుకు వాచిందో ఒక్క కారణం చూపి చెప్పలేను. హోస్ కారుతో పాటు వచ్చినదే అయితే దాని వయసు 18 ఏళ్ళు, అదొక్కటే చాలవచ్చు. 2020లో ఒకచోట డిస్క్ ప్యాడ్లు మార్చినప్పుడు, విప్పిన కాలిపర్‌ను తీగతో కట్టకుండా హోస్‌కే వేలాడదీసి ఉంచడం నేను కళ్ళారా చూశాను. అలా వేలాడితే లోపలి పొర చిట్లుతుందని పెద్దాయన చెప్పారు. అప్పుడే పిన్నులకు మామూలు బేరింగ్ గ్రీజు పూసినట్టు కూడా తేలింది, రబ్బరు తొడుగులు ఉబ్బి మెత్తబడ్డాయి. బ్రేకు రబ్బరుకు ఖనిజ నూనె పడదు, దానికి వేరే సిలికాన్ గ్రీజు ఉంటుంది. ఈ మూడింటిలో ఏది ఎంత పనిచేసిందో ఎవరూ తేల్చలేరు. దీన్ని ఈ కారు తయారీలో ఉన్న లోపంగా మాత్రం నేను చూడను. రబ్బరు హోస్, తేమ పీల్చే నూనె ఉన్న ఏ పాత కారులోనైనా ఇలా జరగవచ్చు.

హోస్‌లు రెండు వైపులా మార్చించాను. ఒకవైపే కొత్తది వేస్తే రెండేళ్ళలో రెండో వైపు ఇదే పని చేస్తుందన్నారు, నాకూ అది న్యాయంగానే తోచింది. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే. పాత నూనె మొత్తం తీసేశారు, అది టీ డికాక్షన్ రంగులో ఉంది. మూత మీద రాసి ఉన్న డాట్ 3 రకమే కొత్త సీసా విప్పి పోశారు. ప్యాడ్లు గాజులా మెరుస్తూ గట్టిపడిపోయాయి కనుక కొత్తవి వేశారు. డిస్క్‌లు ముందుగా మార్చలేదు, అక్కడ ఆయన లెక్క కొంచెం తప్పింది. ఎడమ డిస్క్ మీద నీలి చారలు ఉన్నా నడుస్తుందనుకున్నాం, కానీ అరవై వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ గబగబా అటూ ఇటూ వణికింది, పెడల్ కూడా పాదం కింద కొట్టుకుంది. డిస్క్ సమతలం తప్పిందని ఈసారి మాత్రం నేనే గుర్తుపట్టాను. నెలలోపే రెండు డిస్క్‌లూ మార్చించాను. ఆ తర్వాత కారు తిన్నగా, చేయి వదిలినా నూలు పట్టినట్టు వెళ్ళింది. ర్యాక్ ఈనాటికీ పాతదే.

2023లో రెండోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్ళేముందు వెనుక బ్రేకులు కూడా విప్పించాను. కుడి వెనుక వీల్ సిలిండర్ సన్నగా కారుతోంది, మార్చారు. కాలి బలాన్ని పెంచి బ్రేకుకు సాయపడే బూస్టర్‌ను మాత్రం ఇంట్లో నేనే పరీక్షించుకుంటాను. ఇంజన్ ఆపి పెడల్‌ను అయిదారు సార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి ఇంజన్ వేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరో, దాని నుంచి గాలి లాగే పైపో చూడాలి. పొడిగింపు రుసుము 2022లో అయిదు వేలయింది, నా వాడకానికి అప్పుడది భరించదగినదే. తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా బ్రేకు, స్టీరింగ్ సామాను ఇప్పటికీ ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా దొరుకుతోంది.

ఒక అలవాటు కొత్తగా వచ్చింది. దూరం నుంచి వేడి కొలిచే పరికరం ఒకటి కొని డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంచాను. నెలకోసారి బడి చేరగానే నాలుగు చక్రాల దగ్గరా కొలిచి పుస్తకంలో రాస్తాను. రెండు ముందు చక్రాల మధ్య అయిదారు డిగ్రీల తేడా మామూలు. ఒకసారి పదిహేను దాకా పోయింది. విప్పి చూస్తే కాలిపర్ పిన్ను ఒకటి పొడిబారి ఉంది, శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోయింది. స్టీరింగ్ మాత్రం ఆ నెల నాకు ఏమీ చెప్పలేదు. ఈ కారులో ఏ లోపమూ దాక్కోలేదన్న నా పాత మాటను నేను వెనక్కి తీసుకున్నది అప్పుడే. లాగుడుగా మారేంత పెద్ద తేడాలు మాత్రమే చేతికి తెలుస్తాయి. అంతకు ముందు దశను పట్టుకోవడానికి నాకు అంకెలు కావలసి వచ్చాయి.

ఆ స్టీరింగ్ మీద మరో మాట కూడా ఒప్పుకోవాలి. నిలబడిన చోట తిప్పాలంటే భుజబలం కావాలి. నా భార్యకు మూడేళ్ళుగా భుజం పట్టేసి ఉంది, ఆమె ఈ కారును ఇరుకు సందులో వెనక్కి తిప్పలేదు. ఒకప్పుడు ఇద్దరం సమానంగా నడిపిన కారు ఇప్పుడు నా ఒక్కడిదే అయింది. నాకు ఆనందమిచ్చే గుణమే ఆమెను కారుకు దూరం చేసిందన్నది నాకు తేలికగా మింగుడుపడని సంగతి. గుంటల్లో చక్రం తగిలినప్పుడు ఎదురు దెబ్బ మణికట్టు దాకా వస్తుంది. బొటనవేలు స్టీరింగ్ ఆకు (స్పోక్) లోపల పెట్టి పట్టుకునేవాళ్ళు జాగ్రత్త పడాలి.

ఇక ఎవరైనా ఇప్పుడు ఇలాంటి పాత కారు కొనవచ్చా అంటే, నా పరిస్థితి చెప్పి ఊరుకోవడమే మంచిది. నేను రోజుకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు, తెలిసిన దారిలో, అరవై వేగం దాటకుండా, ఎక్కువ రోజులు ఒక్కడినే నడుపుతాను. బ్రేకులు తెలిసిన ఒక మనిషి గంట దూరంలో ఉన్నారు. ఎయిర్‌బ్యాగులు లేవని, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదని తెలిసి నడుపుతున్నాను. ఈ హద్దుల్లో ఇది నాకు సరిపోతోంది. చిన్నపిల్లలతో రాత్రిపూట జాతీయ రహదారి మీద తిరిగే కుటుంబానికి నేను దీన్ని కొనమని చెప్పను, కారు మీద ఎంత ప్రేమ ఉన్నా చెప్పను. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం, కారు ఏ వైపుకైనా లాగుతుంటే అలైన్‌మెంట్‌కు తీసుకువెళ్ళే ముందు ఒకసారి పాతిక కిలోమీటర్లు నడిపి దిగి, రెండు ముందు చక్రాల దగ్గరా సెగ పోల్చి చూడండి. హోస్‌ల వయసు తెలియకపోతే అవి పాతవే అనుకోండి. బ్రేకు నూనె మార్చిన తేదీని బానెట్ లోపల రాసి అంటించండి. నేను రెండేళ్ళకోసారి మారుస్తున్నాను.

అరకుకు ఆ తర్వాత ఒక్కసారే వెళ్ళాను, ఒంటరిగా, 2022 ఫిబ్రవరిలో. అనంతగిరి నుంచి రెండో గేరులోనే దిగాను, డముకు దగ్గర ఆగి చక్రాలు చూశాను, రెండూ ఒకే వేడిగా ఉన్నాయి. మా అత్తగారు మాత్రం ఈ కారులో ఘాట్ ఎక్కనని చెప్పారు, నేను కూడా బలవంతపెట్టలేదు. కోసిన హోస్ ముక్కలు రెండూ బడిలో నా బల్ల సొరుగులో ఉన్నాయి, ద్రవపీడనం పాఠం వచ్చినప్పుడు పిల్లల చేతికిచ్చి ఊదమంటాను. రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది. నా ఉద్యోగ విరమణ కూడా ఆ ఏడాదే. మూడోసారి పొడిగించాలా వద్దా అన్నది అప్పటికి నా భార్య భుజం ఎలా ఉంటుందన్న దాని మీదా, ఆటోనగర్ పెద్దాయన షెడ్డు తెరిచి ఉంటుందా అన్న దాని మీదా ఆధారపడి ఉంది.